కూతకి కట్టిన పాట

పోయిన వారం జీరని షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉంది. లోపల్నుంచి పాట వినిపిస్తోంది. పాట తనదే, పాడుతున్న గొంతు మాత్రం తనది కాదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కలు. సీసాల ఫ్యాక్టరీ వెనక పాత టైర్ల షెడ్డులో నలుగురు పిల్లలు బ్యాండు పెట్టారు. పాడేది జీర. గొంతులో ఇసుక పోసినట్టు ఉంటుందని బళ్ళో పిల్లలు ఎగతాళికి పెట్టిన పేరది. ఆమె దాన్నే మెడల్‌లా తగిలించుకుంది. గిటారు వాయించే సన్నటి, పొడుగాటి వాడు తీగ. డ్రమ్ములు బాదేవాడు మోత. బేస్ గిటారు పట్టుకుని నోరు విప్పకుండా నిలబడేవాడు దిమ్మ. తీగ మేనమామకి క్యాసెట్ల కొట్టుంది. ఆయన వీళ్ళ పాటలు ఒక క్యాసెట్‌గా వేసి అమ్మాడు. అందులో చివరిది 'కూత'. బస్సుల్లో, సెలూన్లలో, ఇస్త్రీ బళ్ళ దగ్గర, ఎక్కడ విన్నా అదే పాట, జనం గెంతులే గెంతులు. తీరా మైదానంలో మొదటిసారి జనం ముందు పాడితే, జీర నోరు తెరవగానే కాగితం కప్పులొచ్చి పడ్డాయి. "నువ్వు కాదు, క్యాసెట్లో పాడిన పిల్లని తీసుకురండి" అని కేకలేశారు.

ఇక తలుపు తోద్దాం.

జీర తలుపుని తొయ్యలేదు, కాలితో తన్నింది.

మైకు ముందు రెండు జడల పిల్ల ఒకతె ఉంది. పక్క బడి యూనిఫాం. మైకుని రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎక్కడో పై స్థాయిలో పాడుతోంది. క్యాసెట్లో ఎలా ఉందో అచ్చు అలాగే. ఊపిరి పీల్చే చోటు కూడా తప్పలేదు. రికార్డింగు రోజు రెండో చరణం ముందు జీరకి దగ్గొచ్చింది. ఈ పిల్ల సరిగ్గా అక్కడికి రాగానే పక్కకి తిరిగి ఆ దగ్గు కూడా దగ్గింది.

మోత చేతిలో కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. దిమ్మ నేల చూశాడు.

"ఏంట్రా ఇది?" అంది జీర.

"రిహార్సల్," అన్నాడు మోత.

"దేనికి?"

తీగ గిటారు మెడ వదల్లేదు. "శనివారం క్లబ్బు హాల్లో మన ప్రోగ్రాం కదా. క్యాసెట్లో ఉన్నట్టే ఉండాలని మేనేజరు తెగేసి చెప్పాడు. కుదరకపోతే క్యాసెట్ పెట్టేసి మనల్ని పెదాలు కదపమన్నాడు. పెదాలు కదపడానికి నువ్వు ఒప్పుకోవు."

"అందుకని పెదాలే మార్చేశారా?"

జడల పిల్ల ముఖం ఎర్రబడిపోయింది. "అక్కా, నాకు తెలీదక్కా. నువ్వు ఊరెళ్ళావని చెప్పారు వీళ్ళు."

"నేను ఊరెళ్ళానా? ఏ ఊరు?"

దిమ్మ ఆ రోజు మొట్టమొదటిసారి నోరు విప్పాడు. "అంతదూరం మేం ఆలోచించలేదు."

వేరే రోజైతే జీర నవ్వేసేది. ఇవాళ ఆ హాలు గుర్తొచ్చి నవ్వు రాలేదు. అది ఆఫీసర్ల క్లబ్బు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ పిల్లలు ఆ హాల్లోకి వెళ్ళిందంటే కుర్చీలు మొయ్యడానికి, లేకపోతే చీపురు పట్టుకుని. ఇన్నేళ్ళకి ఆ స్టేజీ మీదకి నలుగురు పిల్లలు ఎక్కుతుంటే, ఆ నలుగురిలోంచి ఆమెని తీసి పక్కన పెట్టేశారు. పెట్టింది ఆఫీసర్లు కాదు, వీళ్ళే.

"పాడు," అంది జడల పిల్లతో.

"అక్కా..."

"తిట్టను. పాడు. నేనూ పాడతాను."

మోత భయంభయంగా కర్రలు ఆడించాడు. తీగ మొదలుపెట్టాడు. జడల పిల్ల ఎత్తుకుంది. జీర కూడా ఎత్తుకుంది, రెండో లైనులో గొంతు చీలిపోయింది. మళ్ళీ మొదట్నించి పాడింది. మళ్ళీ అక్కడే చీలింది. తను రాసిన పాట, తను పాడిన పాట, వందసార్లు ఇదే షెడ్డులో పాడిన పాట. ఇప్పుడు అందడం లేదు. మెట్ల మీద ఎవరో రెండు మెట్లు ఎక్కువ కట్టేసినట్టుంది.

జీర పాట ఆపి తీగ దగ్గరికెళ్ళింది. అతని చేతిలోంచి గిటారు లాక్కుని లావు తీగని బొటనవేలితో మీటింది. విని, ఇంకోసారి మీటింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వీళ్ళ దగ్గర శ్రుతి చూసుకునే పరికరం లేదు, హార్మోనియం లేదు, ఏమీ లేదు. ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు ఆవిరి కూత కూస్తుంది, పొడుగ్గా, ఒకే స్థాయిలో, షెడ్డు రేకులు అదిరేలా. ఆ కూత కూస్తున్నంతసేపట్లో తీగ లావు తీగని దానికి కలిపేవాడు. తర్వాత తక్కిన తీగల్ని దీనికి కలిపేవాడు. అదీ వాళ్ళ పద్ధతి. అందుకే పాట పేరు కూడా 'కూత'.

"ఎందుకు బిగించావు దీన్ని?" అంది జీర.

"ఈ అమ్మాయి శ్రుతికి."

"ఈ అమ్మాయికి ఆ శ్రుతి ఎక్కడిది?"

"క్యాసెట్లో విని నేర్చుకున్నానక్కా," అంది జడల పిల్ల. "రోజూ వింటాను. మా అమ్మ టేపు దాచేసింది కూడా."

"క్యాసెట్లో వాయించింది ఎవరు? మనమే. మనం శ్రుతి దేనికి కట్టుకున్నాం?"

"కూతకి," అన్నాడు దిమ్మ.

"మరి కూత ఎక్కడుంది, ఈ తీగ ఎక్కడుంది?"

మోత బుర్ర గోక్కున్నాడు. "ఫ్యాక్టరీ వాళ్ళు కూత మార్చారేమో."

"మన అమ్మలకి చేతి గ్లౌజులు మార్చని వాళ్ళు కూత మారుస్తార్రా?"

ఆమెకి ఆ క్షణం గుర్తొచ్చింది. క్యాసెట్లో పాట చివర కూత ఉంది. రికార్డింగు రోజు పాట అయిపోయేసరికి షిఫ్టు మారింది, కూత వచ్చి టేపులో పడింది. బాగుందని అలాగే ఉంచేశారు.

"నీ టేప్‌రికార్డర్ తీసుకురా," అంది మోతతో. "చివరికి తిప్పి ఉంచు. బటన్ మీద వేలు పెట్టుకుని కూచో."

అందరూ షెడ్డు బయటికొచ్చి టైర్ల మీద కూచున్నారు. ఎండ తగ్గుతోంది. గేటు దగ్గర సైకిళ్ళు పోగవుతున్నాయి. తీగ ఒక్కడే గుమ్మంలో నిలబడ్డాడు. కూచోమన్నా కూచోలేదు.

కూత కూసింది. ఎప్పట్లాగే కడుపులోంచి లేచినట్టు, బరువుగా, ఊరు మొత్తం తనదే అన్నట్టు. అది తగ్గుతుండగానే జీర తల ఊపింది. మోత బటన్ నొక్కాడు.

టేపులోంచి వచ్చింది కూత కాదు. కూత కూతురు. సన్నగా, చురుగ్గా, బొమ్మ రైలు ఈలలా.

గేటు నుంచి వస్తున్న ఒక ముసలి వర్కరు సైకిలు ఆపి వెనక్కి చూశాడు. "అదేంటర్రా, మా కూతకి జలుబు చేసిందా?" అనేసి వెళ్ళిపోయాడు.

మోత ఇంకా నమ్మలేదు. "నా టేప్‌రికార్డర్ మోటారు పోయిందేమో."

"బస్సుల్లోవీ పోయాయా? సెలూన్లోదీ పోయిందా? ఈ పిల్ల ఇంట్లోదీ పోయిందా? ఊళ్ళో ఉన్న మోటార్లన్నీ కూడబలుక్కుని ఒకేలా పోయాయా?" జీర లేచింది. "క్యాసెట్టే పరిగెడుతోంది. పాట పరిగెడుతోంది, కూత పరిగెడుతోంది, నా గొంతూ పరిగెడుతోంది. అది నా గొంతేరా. నా గొంతుని ఎవడో తరిమాడు."

అని తిరిగి చూసేసరికి గుమ్మంలో తీగ ముఖం కనపడింది. అందరి ముఖాల్లోనూ ఆశ్చర్యం ఉంది. ఒక్క తీగ ముఖంలో లేదు.

"నీకు తెలుసు," అంది జీర.

తీగ ఒక అడుగు షెడ్డులోకి వెనక్కి వేశాడు.

"మొదటిసారి క్యాసెట్ విన్నప్పుడు ఇది నా గొంతేనా అని అడిగాను. టేపులో ఎవరి గొంతు వాళ్ళకి అలాగే కొత్తగా ఉంటుందిలే అన్నావు. గుర్తుందా? నేను నమ్మాను. అందరూ అనేదే కదా అని నమ్మాను."

"మామయ్యని అడుగు," అన్నాడు తీగ, ఎటో చూస్తూ.

"పద. నువ్వూ రా."

*

మామయ్య కొట్టు ఒక గుమ్మం వెడల్పు. మూడు గోడలా క్యాసెట్లు. నాలుగో గోడ స్థానంలో మామయ్య. మనిషి మంచివాడు, పీనాసివాడు, రెండూ ఒకే మోతాదులో. అయిదుగురు పిల్లలు ఒక్కసారి కొట్టు మీద పడేసరికి టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏంట్రా అల్లుడూ, మంద తోలుకొచ్చావు?"

"మా పాట ఎందుకు పరిగెడుతోంది మామయ్యా?" అంది జీర.

"ఓ, అదా," అన్నాడాయన, ఎవరో టైమెంతయిందని అడిగినట్టు. "స్క్రూ తిప్పాను."

కాపీలు తీసే మెషిన్‌ని వెనక్కి తిప్పి చూపించాడు. మోటారు వెనక చిన్న కన్నం. అందులో స్క్రూ. అటు తిప్పితే నిదానం, ఇటు తిప్పితే వేగం. "నా దగ్గరున్న ఖాళీ క్యాసెట్లలో టేపు పొట్టి. మీ పాటలు పొడుగు. రెండో వైపు చివర్లో 'కూత' తోక తెగిపోతోంది. ఇంకో చరణం ఉండగానే టప్పున ఆగిపోతుంది. ఏం చెయ్యమంటావు? తోక కొయ్యాలా? మనసొప్పలేదు. అసలు టేపుని కాస్త వేగంగా తిప్పి కాపీ తీశాను. మొత్తం పట్టింది. మీకు మేలే చేశాను."

"పొడుగు క్యాసెట్లు కొనచ్చుగా?" అన్నాడు మోత.

మామయ్య అతని వంక జాలిగా చూశాడు. ఆ ప్రశ్న ఆయన జీవితంలో ఎప్పుడూ వినలేదు.

నవ్వకండి. ఇప్పటికీ ఆ వీధుల్లో గిటారు పట్టే పిల్లల్లో సగంమంది తీగల్ని రెండు మెట్లు పైకి బిగిస్తారు. టపటపా తెగుతుంటాయి, మళ్ళీ కడతారు, మళ్ళీ బిగిస్తారు. దానికి 'మామయ్య శ్రుతి' అని పేరు. ఎందుకు బిగిస్తారో, ఆ మామయ్య ఎవరో చాలామందికి తెలీదు. తక్కిన సగంమంది కిందనే ఉంచుకుంటారు. వాళ్ళది 'కూత శ్రుతి'. రెండు గుంపులకీ పడదు. ఎవరు ఏ పక్షమో గిటారు మీటగానే తెలిసిపోతుంది. ఆ తగాదా పుట్టింది ఆ సాయంత్రం, ఆ కొట్టు ముందు.

"అసలు టేపు ఉందా?" అంది జీర.

"ఉంది."

"స్క్రూ వెనక్కి తిప్పి పెట్టు."

మామయ్య చిన్న స్క్రూడ్రైవరు తీసి, నాలుక బయటపెట్టి, కొంచెం కొంచెంగా తిప్పాడు. పాట నిదానించింది. తోసుకుంటూ పడుతూ లేస్తూ వస్తున్న మాటలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. గొంతు కిందకి దిగింది. దాంట్లో ఇసుక తిరిగొచ్చింది.

*కూత కూసింది అమ్మా, గేటు తీశారమ్మా,*
*రెండు చేతులూ ఉన్నాయా, చూసుకుని రా అమ్మా.*

కొట్టు ముందు ఎవరూ కదల్లేదు. ఆ పాటకి ఊరంతా గెంతింది. ఇవాళ దాకా ఆ మాటలు ఎవరికీ వినపడలేదు. వేగంలో అరిగి గులకరాళ్ళయిపోయాయి.

జడల పిల్ల రెండు జడలూ పట్టుకుని నిలబడింది. "అక్కా, నేను ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నది స్క్రూ కోసమా?"

"ఎలా ఉంది ఇది?"

"నిజం చెప్పనా? నాకు అదే ఇష్టం. అది వింటే గెంతాలనిపిస్తుంది." మెషిన్ వైపు వేలు చూపించింది. "ఇది వింటే ఇంటికెళ్ళి మా నాన్నొచ్చాడో లేదో చూసుకోవాలనిపిస్తోంది."

"అందుకే ఈ పాట," అంది జీర.

అప్పుడు తీగ మాట్లాడాడు. ఇంతసేపూ బిగబట్టి ఉంచింది ఒక్కసారి వదిలేశాడు. "అవును, నాకు తెలుసు. మామయ్య స్క్రూ తిప్పినప్పుడు పక్కనే ఉన్నాను. అప్పటిదాకా మన పాట పాకుతుండేది. తిప్పగానే లేచి పరిగెత్తింది. నా ట్యూన్ అలా ఉంటుందని నాకే తెలీదు. ఊరంతా ఎత్తుకుంది దాన్ని. నీకు చెప్తే వద్దంటావు. చెప్పలేదు."

"నా గొంతు మార్చేశారని చెప్పాల్సిన పన్లేదా?"

"అందులో నీ గొంతు బాగుంది."

ఆ మాట అన్నాక తీగకే అర్థమైంది ఏమన్నాడో. మోత కళ్ళు మూసుకున్నాడు.

జీర అరవలేదు. మైదానంలో కప్పులు పడ్డ రోజు కూడా ఆమె ఏడవలేదు, ఇవాళా ఏడవలేదు. "అలాగా," అంది. "అయితే ఆ స్క్రూనే తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టు."

"జనానికి కావాల్సింది అదే. జనం ప్రేమించింది దాన్నే. నువ్వు నీ శ్రుతిలో పాడితే మళ్ళీ కప్పులే పడతాయి. ఈసారి క్లబ్బు హాల్లో పడతాయి. మళ్ళీ మనల్ని ఎవడూ పిలవడు."

"మేనేజరు క్యాసెట్లో ఉన్నట్టే ఉండాలని ఎందుకన్నాడో ఆలోచించావా? గెంతుతుంటే మాటలు వినపడవు. వినపడితే ముందు వరసలో కూర్చున్న ఆఫీసర్లకి కుర్చీ గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలనే కదరా మనం రాసింది? షెడ్డులో కూచుని నువ్వూ నేనూ రాసింది అందుకే కదా?"

తీగ గిటారుని సంచిలో పెట్టి జిప్పు లాగాడు. "నువ్వు అక్కడ మాట్లాడాలనుకుంటున్నావు. నేను వాయించాలనుకుంటున్నాను," అనేసి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మామయ్య "ఒరేయ్ అల్లుడూ" అని పిలిచాడు. వెనక్కి చూడలేదు.

"వాడు రాకపోతే?" అన్నాడు మోత.

"నీ డ్రమ్ముల మీద పాడతాను."

"డ్రమ్ములకి శ్రుతేంటే?"

"నాకుంది," అంది జీర. "శనివారం నా శ్రుతిలో, నా వేగంలో, నా నోటితో పాడతాను. ఉండేవాళ్ళు ఉండండి."

దిమ్మ బేస్ గిటారు భుజానికెత్తుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతని ఉపన్యాసాలన్నీ అలాగే ఉంటాయి.

*

శనివారం పొద్దున జీర అమ్మ గుమ్మంలో కూచుని గ్లౌజులకి అతుకు వేస్తోంది. ఫ్యాక్టరీ ఇచ్చినవి ఎప్పుడో చిరిగిపోయాయి. కొత్తవి అడిగితే వస్తాయి, వస్తాయి అంటారు. అందుకని ప్యాకింగులో ఆడవాళ్ళందరూ పాత జీను ప్యాంట్లు కత్తిరించి అరచేతుల దగ్గర కుట్టుకుంటారు. షిఫ్టు దిగాక గేటు దగ్గర ఒకళ్ళనొకళ్ళు "రెండూ ఉన్నాయా?" అని అడుగుతారు, "ఉన్నాయి" అంటే "అయితే పద" అని నవ్వుకుంటూ ఇళ్ళకి పోతారు. అది వాళ్ళ రోజువారీ హాస్యం. ఒక రోజు ఒకామె "ఉన్నాయి" అనలేదు. ఆ వారం ఎవరూ నవ్వలేదు. తర్వాత మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. ఏం చేస్తారు మరి?

జీర అమ్మ పక్కన కూచుని నిదానంగా పాడింది. డ్రమ్ముల్లేవు, గిటారు లేదు. రెండో చరణం అయ్యేసరికి అమ్మ చేతిలో సూది ఆగింది.

"ఏ పాటే ఇది?"

"కూత."

"బస్సులో వేస్తారే, ఆ గెంతులాట పాటా?"

"ఆఁ. అదే."

"దాంట్లో మాటలున్నాయా?" అంది అమ్మ. కాసేపు సూది వంక చూసింది. "ఇది మా గేటు మాట కదే."

"మీదే."

"క్లబ్బులో ముందు వరసలో మా సూపర్‌వైజరు కూచుంటాడు."

"తెలుసమ్మా. వద్దంటే చెప్పు."

అమ్మ దారం పళ్ళతో కొరికి తెంపింది. గ్లౌజు తొడుక్కుని వేళ్ళు ఆడించి చూసుకుంది. జీర ఆమె ముఖం చూడలేదు, ఆ వేళ్ళే చూస్తూ కూచుంది.

"నిదానంగా పాడు," అంది అమ్మ చివరికి. "మాటలు మింగకు. నీకు చిన్నప్పట్నించీ మాటలు మింగే అలవాటుంది."

*

క్లబ్బు హాలు వెనక గది. అద్దం, దాని చుట్టూ బల్బులు, సగం వెలగవు. మేనేజరు సఫారీ సూటులో వచ్చాడు. పిల్లల్ని లెక్కపెట్టుకున్నాడు.

"ఆ పొడుగాటోడు ఏడి?"

"వస్తాడు సార్," అన్నాడు మోత. వస్తాడో రాడో మోతకే తెలీదు. ఆ కొట్టు ముందు వెళ్ళిపోయినవాడు మళ్ళీ షెడ్డు మొహం చూడలేదు.

"రాకపోయినా ఫరవాలేదులే. పైన మెషిన్ రూములో క్యాసెట్ పెట్టించాను. తెర లేవగానే మొదలవుద్ది. మీరు ఊగండి, నోరాడించండి. ఏమ్మాయ్, నీకు చెప్పేది. అనవసరంగా నిజంగా పాడబోకు. మైదానంలో ఏమైందో నేనూ విన్నాను."

"వింటే మంచిదే సార్," అంది జీర. "ఇవాళ మిగతాది కూడా వినండి."

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు జడల పిల్ల గదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఆమెని ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. చేతిలో క్యాసెట్, దాంట్లోంచి వేలాడుతున్న గోధుమరంగు టేపు. టేపు మెడ చుట్టూ ఉంది, మోచేతి చుట్టూ ఉంది, ఇంకా గుమ్మం అవతల నుంచి వస్తూనే ఉంది.

"సార్, మీ మెషిన్ టేపు తినేసింది సార్," అంది ఏడుపు గొంతుతో. ఆ ఏడుపు క్యాసెట్ స్థాయిలో ఉంది. పిల్లకి ఇంకే స్థాయీ రాదు.

"ఇంకోటి తెండి. ఆ కొట్టుకి మనిషిని పంపండి."

"కొట్టు మూసేశారు సార్," అంది అమాయకంగా.

మూసిన మాట నిజమే. మామయ్య హాల్లో చివరి వరసలో, శుభ్రంగా తల దువ్వుకుని కూచున్నాడు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. బయట జనం చప్పట్లు మొదలుపెట్టారు, తొందరపెట్టే చప్పట్లు. తెర తియ్యకపోతే ఆయన పరువు పోతుంది, తీస్తే ఆఫీసర్ల సాయంత్రం పాడవుతుంది. ఆయన జీర వైపు వేలు చూపించాడు. "తేడా వస్తే కరెంటు తీయిస్తాను. ఒక్క నిమిషం పట్టదు." అనేసి పక్క తెర వెనక స్విచ్చుల పలక దగ్గర నిలబడ్డాడు.

స్టేజీ మీద చీకటిగా ఉంది. మోత డ్రమ్ముల వెనక సర్దుకున్నాడు. దిమ్మ ఎప్పటిలాగే దిమ్మ. జీర మైకు దగ్గరికి వెళ్ళి ఎత్తు సరిచేసుకుంది. తెర సందులోంచి చూసింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కాలు. వెనక గోడకి ఆనుకుని, కుర్చీలు దొరక్క, షిఫ్టుకి వెళ్ళబోతున్న ఆడవాళ్ళు. వాళ్ళలో అమ్మ. చేతికి గ్లౌజు తొడుక్కునే వచ్చింది.

ఆమె మొదలుపెట్టాల్సింది కూతతో. అది ఆమె, మోత, దిమ్మ అనుకున్న లెక్క. హాలు ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉంది. కూత కూస్తున్నప్పుడు పాట ఎత్తుకుంటే శ్రుతి తప్పని ఎవడూ అనలేడు, ఆఫీసర్లు కూడా అనలేరు. అది వాళ్ళ కూతే.

అడుగుల చప్పుడు వినిపించింది. తీగ.

ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి, సంచి జిప్పు లాగి, గిటారు భుజానికి తగిలించుకుని కరెంటు వైరు గుచ్చాడు. మోత "ఒరేయ్" అన్నాడు, అతను వినిపించుకోలేదు. ఒక్క తీగ కూడా మీటి చూసుకోలేదు. అంటే శ్రుతి ఇంటి దగ్గరే కట్టుకుని వచ్చాడు. దేనికి కట్టాడు? కూతకా, స్క్రూకా?

"శ్రుతి ఎక్కడుందిరా?" అంది జీర గుసగుసగా.

అతను ఆమె వంక చూశాడు. ఆ చూపులో క్షమాపణ ఉందో, మొండితనం ఉందో చీకట్లో తెలీలేదు. రెండింటికీ ముఖం ఒకేలా పెట్టే మనిషి వాడు.

ఆమె మైకు వదల్లేదు. గిటారు పైన ఉంటే ఉండనీ. అది ఎంత పైకి ఈడ్చినా తను కిందనే నిలబడుతుంది. రెండూ ఢీకొని హాలు పగిలిపోతే పగలనీ. పాట మాత్రం ఇవాళ పరిగెత్తదు.

తెర లేచింది. లైట్లు ముఖం మీద పడ్డాయి. పక్కన మేనేజరు చెయ్యి స్విచ్చు మీదకి వెళ్ళింది.

గోడ అవతల ఆవిరి గుర్రుమంది. కూత కూసింది.

జీర ఊపిరి తీసుకుంది. తీగ చెయ్యి పైకి లేచింది.